చీకటి పడితే వేడెక్కే అంబాసిడర్: మీటర్ల మరమ్మతు డైరీ

మార్చి 2, 2025, ఆదివారం

మా బాపు (నాన్న) కారు ఇవాళ ఎవరూ నెట్టకుండా, తన ఇంజిను బలంతోనే షెడ్డు దాటి వచ్చింది. 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజిను. 1991లో బాపు దాన్ని పాతదిగానే కొని, వరంగల్ రైల్వే స్టేషను ముందు పదమూడేళ్లు టాక్సీగా నడిపాడు. రామప్ప, లక్నవరం, మేడారం, కాళేశ్వరం, భద్రాచలం: ఈ చుట్టుపక్కల అది తిరగని దారి లేదు. 2004 నుంచి హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల కింద నిలబడి ఉంది. ఇంజిను, బ్రేకులు, టైర్లు గత రెండేళ్లలో ఒక్కొక్కటిగా బాగుచేయించాను. మిగిలింది డ్యాష్‌బోర్డు. పెట్రోలు మీటరు, టెంపరేచర్ మీటరు, స్పీడోమీటరు, మూడింటిలో ఏదీ నమ్మదగ్గట్టు లేదు.

మా ఇంట్లో ఈ కారుకు ఒక పేరు పడిపోయింది: చీకటి పడితే వేడెక్కే బండి. పగలు మే నెల ఎండలో ఏటూరునాగారం దాకా వెళ్లినా టెంపరేచర్ ముల్లు నడిమి గీత దాటదు. రాత్రి బయల్దేరితే పది కిలోమీటర్లు తిరక్కముందే 'హెచ్' అక్షరాన్ని తాకుతుంది. బాపు బండిని పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, అరగంట కూర్చునేవాడు. ఆ రోజుల్లో రేడియేటర్ రెండుసార్లు విప్పించాడు. ఇంజిను నీరు కాగాక రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ మార్పించాడు, తరువాత మొత్తానికే తీసేయించాడు. ఒకరు హెడ్ గాస్కెట్ పోయిందంటే అదీ వేయించాడు. చివరికి రాత్రి కిరాయిలు మానుకున్నాడు. ఆఖరి రైలు దిగి పల్లెలకు వెళ్లేవాళ్లే మంచి కిరాయి ఇచ్చేవాళ్లు. అది ఇంటికి ఎంత నష్టమో అప్పట్లో నాకు తెలియదు, అమ్మకు తెలుసు.

బడిలో భౌతికశాస్త్రం చెప్పేవాడిగా నాకు ఈ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. పగలు 43 డిగ్రీల గాలిలో చల్లగా ఉన్న ఇంజిను రాత్రి 30 డిగ్రీల గాలిలో ఎందుకు కాగుతుంది? అయితే ఇంజినుకు మనకు తెలియని జబ్బు ఉండాలి, లేదా ముల్లు అబద్ధం చెబుతూ ఉండాలి.

మార్చి 9, ఆదివారం

ఇవాళ పానా పట్టలేదు. చూడటం, రాసుకోవడం మాత్రమే.

ముందుగా బ్యాటరీ. బ్రిటిష్ వంశపు పాత కార్లలో ప్లస్ ధ్రువాన్ని బాడీకి కలిపినవి చాలా ఉన్నాయి. అది చూసుకోకుండా మల్టీమీటర్ పెడితే ప్రతి కొలతా తలకిందులవుతుంది. మా బండిలో మైనస్సే బాడీకి ఉంది.

తరువాత మీటర్ల జాతి. ఇవి కంపెనీ నుంచి వచ్చినవో, బాపు కొనకముందు ఎవరైనా మార్చినవో చెప్పే కాగితం లేదు. అందుకే ముల్లు నడకను చూశాను. తాళం తిప్పగానే ముల్లు ఎగిరి తన చోట నిలిస్తే అది అయస్కాంతంతో పనిచేసే రకం. మా పెట్రోలు ముల్లు అలా కాదు. తాళం తిప్పాక నిద్ర లేచినట్టు మెల్లగా లేచి, అరనిమిషానికి గానీ కుదురుకోలేదు. అంటే ద్విలోహ పట్టీ రకం. రెండు లోహాలను అతికించిన పట్టీ చుట్టూ సన్నని తీగ ఉంటుంది. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, రెండు లోహాలు సమానంగా వ్యాకోచించవు కనుక పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. గుంతల రోడ్డు మీద ట్యాంకులో పెట్రోలు ఊగినా ముల్లు ఊగదు, అదే దీని మేలు.

ఈ రకం మీటరు గురించి మనసులో గట్టిగా నాటుకోవలసిన సంగతి ఒకటుంది. ముల్లుకు పెట్రోలు తెలియదు, ఇంజిను వేడీ తెలియదు. తన తీగలో పారే కరెంటు ఒక్కటే తెలుసు. ఆ దారిలో ఎక్కడ తేడా వచ్చినా ముల్లు దాన్ని పెట్రోలుగానో వేడిగానో చూపిస్తుంది.

చివరగా బాపును అడిగి రాసుకున్నవి రెండు. రాత్రిపూట పెట్రోలు మీటరు కూడా ఎక్కువే చూపేది. ఇక మీటర్ల లోపలి బల్బులు. "నేను కొన్ననాటి నుంచీ వెలగలేదు బిడ్డా. టార్చి పట్టుకుని చూసేవాణ్ని," అన్నాడు. బల్బులు మాడిపోయి ఉంటాయనుకుని ఆ మాట దగ్గర ఆగలేదు. ఆగి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

మార్చి 16, ఆదివారం

ముల్లు మీద అనుమానం వచ్చినప్పుడు ఇంకో ముల్లును కాదు, నీటినే అడగాలి. బడి ప్రయోగశాల నుంచి 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు తెచ్చాను. ఇంజిను చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి, థర్మామీటరును దారంతో కట్టి నీళ్లలోకి దించాను. వేడి ఇంజిను మీద ఆ మూత ఎవరూ తీయకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా వదిలితే ఆవిరి ముఖాన కొడుతుంది.

సాయంత్రం ఆరుకు ఇంజిను వేశాను. కొత్తగా బిగించిన 82 డిగ్రీల థర్మోస్టాట్ తెరుచుకున్నాక నీరు 84 దగ్గర నిలకడగా ఉంది. డ్యాష్‌బోర్డులో ముల్లు నడిమి గీత మీద ఉంది. ఆరున్నరకు చీకటి పడుతుండగా హెడ్‌లైట్లు వేశాను.

ముల్లు కదిలింది. రెండు నిమిషాల్లో 'హెచ్' దాకా వెళ్లింది. బయటికి పరుగెత్తి చూస్తే థర్మామీటరు అదే 84. లైట్లు ఆర్పాను, ముల్లు మెల్లగా దిగింది. మళ్లీ వేశాను, మళ్లీ ఎక్కింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

బాపు కుర్చీ బానెట్ పక్కకు లాక్కుని, థర్మామీటరు దారం తన చేతిలోకి తీసుకున్నాడు. ఐదోసారి లైట్లు నన్ను వేయమని, తాను అంకె చదివాడు. "ఎనభై నాలుగే ఉంది," అన్నాడు. ఇంకాసేపటికి, "అప్పుడూ ఇంతే ఉండెనేమో," అన్నాడు.

బండి చీకటి పడితే వేడెక్కడం లేదు. లైట్లు వేస్తే వేడెక్కినట్టు చూపుతోంది. ముప్పై నాలుగేళ్లుగా రెండూ ఒకే వేళకు జరిగాయి కాబట్టి తప్పు చీకటి మీద పడింది.

మార్చి 23, ఆదివారం

మీటర్ల పలక విప్పడానికి పోచమ్మమైదాన్ దగ్గర ఉండే పాత ఆటో ఎలక్ట్రీషియన్ చాచాను ఇంటికి పిలిచాను. స్టేషను టాక్సీలన్నిటి వైరింగు ఒకప్పుడు ఆయన చేతి మీదే నడిచింది. బ్యాటరీ వైరు విప్పనిదే ఆయన డ్యాష్‌బోర్డు కిందికి చేయి పెట్టరు, నన్నూ పెట్టనివ్వలేదు. స్పీడోమీటరు కేబుల్ మర తిప్పి, నాలుగు స్క్రూలు తీసి, పలకను ముందుకు లాగి ఒడిలో పెట్టుకున్నారు.

వెనక అగ్గిపెట్టెకన్నా చిన్న రేకు డబ్బీ ఒకటి కనిపించింది. దాని మీద బి, ఐ అని రెండు కొసలు. అదే వోల్టేజి స్టెబిలైజర్. బ్యాటరీ వోల్టేజి ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. ఇంజిను ఆగి ఉంటే 12 వోల్టుల పైన, డైనమో తిరుగుతుంటే 14 దాకా. ఆ ఎత్తుపల్లాలకు ముల్లు కదలకుండా ఈ డబ్బీ సగటున 10 వోల్టులే పంపుతుంది. పంపే తీరు ఇస్త్రీ పెట్టెలోని థర్మోస్టాట్‌లాంటిదే. లోపలి తీగ వేడెక్కి పట్టీ వంగి కరెంటును తెంపుతుంది, చల్లారి మళ్లీ కలుపుతుంది. ఆ తీగ రెండో కొస డబ్బీ ఒంటికే, ఒంటి నుంచి కారు బాడీకి, అంటే ఎర్తుకు చేరాలి. ఎర్తు లేకపోతే తీగ వేడెక్కదు, కరెంటు తెగదు, 10కి బదులు పూర్తి 14 వోల్టులు మీటర్ల మీద పడతాయి. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 10, 14 అంటే పుట్టే వేడి దాదాపు రెట్టింపు. ముల్లు ఎక్కడికి పోతుందో ఇక చెప్పనక్కర్లేదు.

బ్యాటరీ వైరు తిరిగి కలిపి ఐ కొస దగ్గర నా డిజిటల్ మల్టీమీటర్ పెడితే అంకెలు పన్నెండు నుంచి సున్నాకు, సున్నా నుంచి తొమ్మిదికి గంతులు వేశాయి తప్ప ఏమీ తేలలేదు. చాచా తన సంచిలోంచి రెండు వైర్లు టంకం వేసిన చిన్న బల్బు తీశారు. "అంకెలు వద్దు బేటా, దీపాన్ని చూడు." లైట్లు ఆర్పి ఉంటే ఆ బల్బు వెలిగి ఆరుతూ ఉంది. హెడ్‌లైట్లు వేయగానే ఆరడం మానేసి నిలకడగా వెలిగింది. స్టెబిలైజర్ తెంపడం మానేసిందన్నమాట.

ఎర్తు పోతే ఎప్పుడూ పోవాలి కదా, లైట్లు వేసినప్పుడే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి గంటన్నర పట్టింది, నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా నచ్చిన గంటన్నర అదే.

పలక రేకుకూ కారు బాడీకీ మధ్య నల్ల ఎర్తు వైరును పట్టి చూశాం. పైతొడుగు బాగానే ఉంది. లాగితే రింగు దగ్గర ఊడి చేతికొచ్చింది. లోపలి రాగి పచ్చని చిలుము పట్టి ఏనాడో తెగిపోయింది. అంటే పలకకు సొంత ఎర్తు లేనే లేదు. మరి పగలు ఎలా పనిచేసింది?

కాగితం మీద గీస్తే తేలింది. పలకలో మూడు బల్బులున్నాయి. వాటి ఒక కొస పలక రేకుకు, రెండో కొస లైట్ల వైరుకు. అదే వైరు మీద పార్కింగు బల్బులు, వెనక ఎర్ర బల్బులు ఉన్నాయి. వాటికి ఎర్తు బాగుంది. లైట్లు ఆర్పి ఉన్నప్పుడు స్టెబిలైజర్ కరెంటు తన దారి మూసుకుపోయింది కనుక దొడ్డిదారి వెతుక్కుంది: పలక రేకులోంచి మీటరు బల్బుల తీగలోకి, అక్కడి నుంచి లైట్ల వైరులోకి, వెనక బల్బుల తీగల గుండా బాడీకి. చల్లగా ఉన్న బల్బు తీగకు నిరోధం బహు తక్కువ, ఆ కాస్త కరెంటుకు బల్బులు మినుకుమనవు కూడా. పగలంతా ఎర్తు వైరు పని బల్బులు చేశాయి. లైట్లు వేయగానే ఆ వైరులోకే 12 వోల్టులు వస్తాయి, దొడ్డిదారి మూసుకుపోతుంది. స్టెబిలైజర్‌కు ఇరువైపులా 12 వోల్టులే, ఇక కరెంటు పారే మార్గమే లేదు.

మీటరు బల్బులు ఎందుకు వెలగలేదో కూడా ఇదే చెప్పింది. అవి మాడిపోలేదు, వాటికీ ఎర్తు లేదు. రుజువు కోసం మూడు బల్బులనూ పీకి లైట్లు వేయకుండానే తాళం తిప్పాం. పట్టపగలే ముల్లులు రెండూ ఎగబాకాయి. వెలగని బల్బులే కదా అని ఆ రోజుల్లో ఎవరైనా వాటిని తీసేసి ఉంటే లోపం పగలూ బయటపడేది, రేడియేటర్ విప్పే పని ఉండేది కాదు.

రెండు మీటర్లూ కలిసి తప్పు చెబితే ముందు స్టెబిలైజర్‌ను, దాని ఎర్తును చూడాలి. ఒక్కటే తప్పు చెబితే దాని వైరునో, అవతలి కొసన ట్యాంకులోనో ఇంజినులోనో కొలత పట్టి మీటరుకు పంపే సెండరునో చూడాలి. పాత బండి ఉన్నవాళ్లు ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

మరమ్మతు పది నిమిషాల పని. కొత్త నల్ల వైరు, రాగి రింగు, బాడీ మీద రంగు గీకి మెరిసే లోహం కనబడేదాకా ఎమరీ కాగితం, బిగించాక పైన కాస్త వ్యాజిలీన్. లైట్లు వేస్తే మూడు మీటరు బల్బులూ వెలిగాయి. వాటి వెలుతురులో ఆ మీటర్లను బాపు మొదటిసారి చూశాడు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ రేకు డబ్బీ స్థానంలో 7810 చిప్ పెడితే కచ్చితంగా 10 వోల్టులు వస్తాయి కదా నాన్నా అంది. నిజమే, చాలామంది పెడుతున్నారు, తప్పేమీ లేదు. కానీ మాది పాడవలేదు. పాడవనిదాన్ని మార్చడం మరమ్మతు కాదని నా అభిప్రాయం.

మార్చి 30, ఉగాది

పని లేదు. పచ్చడి తింటూ బాపు పాత సంగతి ఒకటి చెప్పాడు. మేడారం నుంచి తిరిగి వస్తుంటే పస్రా దగ్గర అడవిలో రాత్రి పెట్రోలు అయిపోయిందట. ముల్లు సగం పైన చూపుతోందట. బండిలో పసిపిల్లతో ఒక కుటుంబం. తెల్లవారేదాకా రోడ్డు మీదే. ఆ రాత్రి ఎర్తు వైరు ఏం చేసిందో నేను వివరించాను. ఆయన విని, "పాలకు ఏడ్చింది ఆ పిల్ల," అన్నాడు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

టెంపరేచర్ మీటరు ఇప్పుడు రాత్రీ పగలూ ఒకే మాట మీద ఉంది. దాని సెండరును కూడా ఒకసారి పరీక్షిద్దామని విప్పి, నీళ్ల గిన్నెలో థర్మామీటరుతో కలిపి స్టవ్వు మీద పెట్టాను. 33 డిగ్రీల దగ్గర 400 పైచిలుకు ఓములు, నీరు మరిగేసరికి 50 దగ్గరకు దిగింది. వేడి పెరిగితే నిరోధం తగ్గాలి, తగ్గింది. దాని జోలికి ఇక వెళ్లను.

పెట్రోలు మీటరు మాత్రం ఇంకా తేడాగానే ఉంది. ఇదివరకు ఎక్కువ చూపింది, ఇప్పుడు తక్కువ చూపుతోంది. ఇరవై లీటర్లు పోసినా పావు దాటదు. ఒక తప్పు కింద ఇంకో తప్పు దాక్కుని ఉందన్నమాట. సెండరు వైరు విప్పి ఒక్క క్షణం బాడీకి తాకిస్తే ముల్లు నిండు వైపు కదిలింది. ఎక్కువసేపు తాకిస్తే మీటరు తీగ మాడుతుంది, అందుకే ఒక్క క్షణం. మీటరు, వైరు మంచివే, తప్పు ట్యాంకులో ఉంది.

ఇంట్లో టీవీలో భద్రాచలం కల్యాణం వస్తుండగా వెనక పెరట్లో ట్యాంకు ఖాళీ చేశాం. పెట్రోలు పని ఎప్పుడూ ఆరుబయటే, బ్యాటరీ విప్పి, దరిదాపుల్లో నిప్పు లేకుండా. సెండరు బయటికి తీసి చేయి పైకీ కిందికీ కదిపితే ఖాళీ వద్ద 250 చేరువ, నిండు వద్ద 20 ఓములు, నడుమ ఎక్కడా తెగలేదు. కానీ చేతి కొసన ఉన్న ఇత్తడి బెండును చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం గలగలమంది. బెండులోకి పెట్రోలు చేరింది, అది తేలాల్సినంత తేలడం లేదు. వేడి నీళ్లలో ముంచితే అతుకు దగ్గర సన్నని బుడగలు వచ్చాయి. అక్కడే చిల్లు.

దానికి వెంటనే టంకం పెట్టడం ప్రాణాంతకం. లోపల పెట్రోలు ఆవిరి ఉండగా వేడి తగిలితే పేలుతుంది. చిల్లును కొంచెం పెద్దది చేసి, ద్రవమంతా కార్చి, వారం రోజులు మేడ మీద ఎండలో పెట్టాను. ఏప్రిల్ ఎండ ఇలాంటి పనికి బాగా అక్కరకొస్తుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

బెండును వేడి నీటితో రెండుసార్లు కడిగి ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాక చాచా టంకం వేశారు. మంటతో కాదు, కరెంటు సోల్డరింగ్ ఐరన్‌తో. టంకం పలుచగా ఉండాలి, మందంగా వేస్తే బెండు బరువెక్కి మళ్లీ తక్కువ చూపుతుంది. నీళ్లలో ముంచితే బుడగ రాలేదు.

సెండరు కింద ఉన్న పాత బెరడు గాస్కెట్ పొడిపొడిగా రాలింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కనుక దాన్ని తట్టుకునే విటాన్ రబ్బరు షీటు తెచ్చి కత్తిరించాను.

తరువాత కొద్దికొద్దిగా లీటర్లు కొలిచి పోస్తూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి ముల్లు ఎక్కడుందో రాసుకున్నాను. పది లీటర్లకు ఖాళీ గీత మీద కాస్త, పదిహేనుకు పావు, ఇరవై ఏడుకు సగానికి వెంట్రుకవాసి తక్కువ, నలభైకి ముప్పావు దాటి. గీతల మధ్య దూరం సమానంగా లేదు. ఇంతకన్నా కచ్చితత్వం నాకు అక్కర్లేదు. ఈ లెక్కను చిన్న అట్ట మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను.

స్పీడోమీటరు ముల్లు వణకడానికి కారణం ఎండిపోయిన కేబుల్. లోపలి తీగను బయటికి లాగి, కిరోసిన్‌తో తుడిచి, పలుచగా గ్రీజు పూసి తోశాను. పై కొస రెండు అంగుళాలు పొడిగా వదిలేయాలి, లేకపోతే గ్రీజు మీటరులోకి పాకుతుంది. వణుకు పోయింది.

ఏప్రిల్ 20, ఆదివారం

చీకటి పడేదాకా ఆగి రాత్రి ఏడున్నరకు బయల్దేరాం. ములుగు రోడ్డు మీదుగా గూడెప్పాడ్, మల్లంపల్లి. హెడ్‌లైట్లు, మీటరు బల్బులు వెలుగుతున్నాయి. బాపు ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడలేదు, ముల్లును చూశాడు. గూడెప్పాడ్ దగ్గర "ఒకసారి ఆపు," అన్నాడు. దిగి, అలవాటుగా బానెట్ మీద అరచేయి వేశాడు. మళ్లీ ఎక్కి "పోనీ," అన్నాడు.

కిలోమీటరు రాళ్లతో సరిచూస్తే పది కిలోమీటర్లకు మీటరు పదీ పాయింటు రెండు చూపింది. టైర్ల కొలత తేడా కావచ్చు, దాన్ని అలాగే ఉంచుతున్నాను.

ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగాం. టాక్సీ రోజుల్లో మేడారం వెళ్లే ప్రతిసారీ ఇక్కడ కొబ్బరికాయ కొట్టేవాడట. ఈ వేళలో కాయ దొరకలేదు, దండం పెట్టుకుని వచ్చాడు. టెంపరేచర్ ముల్లు నడిమి గీత మీద, పెట్రోలు ముల్లు సగం మీద ఉన్నాయి. గ్లవ్ బాక్సులోని అట్ట తీసి టార్చి లేకుండానే చదివి, "సగమంటే ఇరవై ఏడు లీటర్లా?" అని అడిగాడు. అవునన్నాను.

"అయితే పస్రా దాకా పోనీ."

ఇల్లు చేరేసరికి పదకొండున్నర దాటింది. తిరుగు దారిలో ఇంజిను మెల్లగా తిరిగినప్పుడు ఛార్జింగు దీపం సన్నగా మినుకుమంది. వచ్చే ఆదివారం డైనమో బ్రష్షులు విప్పి చూడాలి.